గనిలో గల్లంతవుతున్న గంటల లెక్క

* చట్టం చెప్పేది వారానికి 48 గంటలే
* అడుగు లెక్క, లోడు లెక్క కూలీలో కనిపించని అదనపు పని
* క్వారీకి ఒక శాఖ.. పాలిష్ యూనిట్‌కు మరో శాఖ
* హాజరు పట్టీలో పేరు లేకుంటే పరిహారానికీ చిక్కే

తాడిపత్రి: భూమిలోంచి తీసిన నాపరాయిని చదరపు అడుగుల్లో కొలుస్తారు. సిమెంటు కర్మాగారానికి వెళ్లే సున్నపురాయిని టన్నుల్లో తూస్తారు. ప్రభుత్వానికి చెల్లించాల్సిన సీనరేజికి పైసలతో సహా లెక్క ఉంటుంది. ఆ రాయిని తీసిన మనిషి వారంలో ఎన్ని గంటలు పనిచేశాడన్న లెక్క మాత్రం చాలాచోట్ల కాగితం మీదికి ఎక్కదు. గంటలు లెక్కలోకి రాకపోతే అదనపు పనికి దక్కాల్సిన రెట్టింపు కూలీ రాదు. వేతనంతో కూడిన సెలవు రాదు. ప్రమాదం జరిగితే పరిహారం తేల్చేందుకు ఆధారమూ మిగలదు. గని కార్మికుడి వారపు పనిగంటలను చట్టం ఎలా నిర్ణయించింది, సగటు లెక్క ఎలా వేస్తారు, అనంతపురం జిల్లా క్వారీల్లో ఆ లెక్క ఎక్కడ తప్పిపోతోంది అన్నది తెలుసుకోవాల్సిన అవసరం ఉంది.

కరవు నేల కింద ఖనిజం

ఏటా సగటున దాదాపు 550 మిల్లీమీటర్ల వర్షమే పడే జిల్లా ఇది. పైన వేరుశనగ పండినా పండకపోయినా నేల కింద ఖనిజానికి మాత్రం కొదవ లేదు. తాడిపత్రి చుట్టుపక్కల నల్లటి సున్నపురాయి పొరలు పొరలుగా విస్తరించి ఉంది. గచ్చుకు, గోడకు, మెట్లకు వాడే నాపరాళ్లు ఇక్కడి నుంచే పలు రాష్ట్రాలకు వెళ్తున్నాయి. అదే సున్నపురాయి ఆధారంగా తాడిపత్రి ప్రాంతంలో సిమెంటు కర్మాగారాలు వెలిశాయి. బలపపు రాయి, డోలమైట్, ముగ్గురాయి కూడా ఈ పరిసరాల్లో దొరుకుతాయి. కర్ణాటక సరిహద్దులోని డి.హీరేహాళ్ మండలంలో ఇనుప ఖనిజం ఉంది. 2022 ఏప్రిల్ 4న శ్రీసత్యసాయి జిల్లాలో చేరిన మడకశిర ప్రాంతంలో గ్రానైట్, రామగిరిలో బంగారం ఉన్నాయి. రామగిరిలో తవ్వకాలు సాగించిన ప్రభుత్వరంగ భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ 2001లో మూతపడింది.

ఈ జిల్లాలో గనికీ సేద్యానికీ విడదీయలేని సంబంధం ఉంది. వాన మొహం చాటేసిన ఏడాది సన్నకారు రైతు, వ్యవసాయ కూలీ ముందుగా చూసేది దగ్గర్లోని క్వారీ వైపే. అక్కడా పని దొరక్కపోతే బెంగళూరు బాట పడతారు. పని అడిగేవారు పెరిగితే కూలీ రేటు పెరగదు. రేటు పెరగనప్పుడు అదే ఇల్లు గడవడానికి ఎక్కువ గంటలు పనిచేయాలి. కరవు ఏడాదిలో పొలంలో పని తగ్గి, గనిలో పనిగంటలు పెరగడానికి ఇదే కారణం. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న అప్పటి ప్రధాని మన్మోహన్‌సింగ్ ఈ జిల్లాలోని నార్పల మండలం బండ్లపల్లిలోనే ప్రారంభించడం గమనార్హం. ఊళ్లోనే నిర్ణీత వేళలకు పని, దానికో కూలీ దొరికితే క్వారీలో ఎన్ని గంటలైనా చేయక తప్పని పరిస్థితి కొంతైనా సడలుతుందన్నది ఆ పథకంపై పెట్టుకున్న ఆశల్లో ఒకటి.

సగటు అంటే ఏమిటి?

ఒక పరిశ్రమలో వారపు సగటు పనిగంటలు అంటే, అందరూ కలిసి ఆ వారంలో చేసిన మొత్తం గంటలను కార్మికుల సంఖ్యతో భాగించగా వచ్చేది. చెప్పడానికి తేలిక. కానీ గంటలు నమోదైతేనే ఈ లెక్క సాధ్యం.

అమెరికాలో కార్మిక గణాంకాల సంస్థ నెలనెలా ఈ అంకెలను ప్రకటిస్తుంది. అక్కడ గనులను, అడవుల్లో కలప నరికే పనిని ఒకే వర్గంగా లెక్కిస్తారు. రెండూ ఊళ్లకు దూరంగా, వాతావరణాన్ని బట్టి, భారీ యంత్రాలతో సాగే పనులు. ఈ వర్గంలో వారపు సగటు ఇటీవలి ఏళ్లలో 45 గంటలకు అటూ ఇటూగా ఉంటోంది. అక్కడి ప్రైవేటు రంగం మొత్తానికి సగటు 34 గంటలే. అంటే మిగతా రంగాల కంటే గని కార్మికుడు వారానికి పది గంటలకు పైగా ఎక్కువ పనిచేస్తున్నాడన్నమాట. ఖరీదైన యంత్రం ఆగితే నష్టం కాబట్టి షిఫ్టులు పెంచడం, మారుమూల శిబిరాల్లో కొన్ని రోజులు ఏకబిగిన పని చేయించి తర్వాత వరుస సెలవులు ఇవ్వడం ఇందుకు ముఖ్య కారణాలు. అయితే అక్కడ చేసిన ప్రతి గంటకూ జీతం లెక్క ఉంటుంది. ఆ జీతాల పట్టీల నుంచే ఈ సగటు పుడుతుంది.

మన దేశంలో జాతీయ గణాంక కార్యాలయం 2017 ఏప్రిల్ నుంచి నిర్వహిస్తున్న కార్మిక బలగ సర్వేలో ఇంటింటికీ వెళ్లి గడచిన వారంలో ఏ రోజు ఎన్ని గంటలు పనిచేశారో అడుగుతారు. ఇందులో గనులు, క్వారీలు అన్నీ ఒకే పద్దు కింద వస్తాయి. వేల కోట్ల యంత్రాలున్న బొగ్గు గని, గడ్డపారతో బండ లేపే నాపరాళ్ల క్వారీ ఒకే గాట కట్టినట్లవుతాయి.

సగటులో మరో మెలిక ఉంది. ఒక క్వారీలో పది మంది ఉన్నారనుకుందాం. అయిదుగురు వారానికి 62 గంటలు చేశారు. మిగతా అయిదుగురికి లారీలు రాక 30 గంటలే పని దొరికింది. మొత్తం 460 గంటలు, సగటు 46. చూడటానికి చట్టం గీసిన గీత లోపలే ఉంది. నిజానికి సగం మంది ఆ గీతను 14 గంటలు దాటారు. మిగతా సగం మందికి కడుపు నిండే పని లేదు. అందుకే చట్టం సగటును పరిగణనలోకి తీసుకోదు. ఒక్కొక్క మనిషి గంటలనే లెక్కిస్తుంది.

60 నుంచి 48కి..

వారానికి 48 గంటల హక్కు ఒక్కరోజులో వచ్చింది కాదు. 1919లో వాషింగ్టన్‌లో జరిగిన అంతర్జాతీయ కార్మిక సంస్థ తొలి సమావేశం రోజుకు 8, వారానికి 48 గంటల ఒడంబడికను ఆమోదించింది. అందులోనే బ్రిటిష్ ఇండియాకు ప్రత్యేక మినహాయింపు ఇచ్చి 60 గంటలు అన్నారు. భారత్ 1921లో దాన్ని ఆమోదించింది. 1923 గనుల చట్టం భూమి పైన పనికి వారానికి 60, భూగర్భంలో 54 గంటల పరిమితి పెట్టింది. 1935 సవరణతో పైన పనికీ 54 గంటలే అయ్యాయి. వైస్రాయ్ మండలిలో కార్మిక శాఖ చూసిన డాక్టర్ బి.ఆర్.అంబేద్కర్ హయాంలో వచ్చిన ప్రతిపాదనతో ఫ్యాక్టరీల్లో 1946లో 48 గంటల వారం ఖరారైంది. స్వాతంత్య్రం తర్వాత 1952 గనుల చట్టంతో గని కార్మికుడికీ ఆ హక్కు దక్కింది.

చట్టం ఏం చెప్పింది?

ఏడు దశాబ్దాలకు పైగా గని పనిని శాసించింది 1952 చట్టమే. నేటి పద్ధతులకు, హక్కులకు పునాది అదే కాబట్టి దాని ముఖ్యాంశాలు తెలుసుకోవాలి.

వారంలో ఆరు రోజులకు మించి ఎవరితోనూ పని చేయించరాదని 28వ సెక్షన్ నిర్దేశించింది. భూమి పైన, అంటే తెరిచిన గనిలో పనిచేసే వారికి రోజుకు 9, వారానికి 48 గంటలు గరిష్ఠ పరిమితి. ఇది 30వ సెక్షన్. ఏకధాటిగా 5 గంటలు పనిచేస్తే కనీసం అరగంట విరామం ఇవ్వాలి. విరామాలతో కలిపి పని వేళ మొత్తం 12 గంటలు దాటకూడదు. భూగర్భ గనిలో 31వ సెక్షన్ ప్రకారం రోజుకు 8 గంటలే. వారానికి అక్కడా 48 గంటలే.

పరిమితి దాటి పని చేయిస్తే 33వ సెక్షన్ కింద ఆ అదనపు గంటలకు మామూలు రేటుకు రెట్టింపు చెల్లించాలి. అదనపు పనితో కలిపినా రోజుకు 10 గంటలకు మించరాదన్నది 35వ సెక్షన్. పని వేళలను తెలిపే నోటీసును గని వద్ద ప్రదర్శించాలి. ఎవరు ఎప్పుడు పనిలో ఉన్నారో తెలిపే రిజిస్టరు నిర్వహించాలి. 18 ఏళ్లు నిండని వారిని పనిలో పెట్టుకోరాదు. మహిళలను ఉదయం 6 నుంచి సాయంత్రం 7 గంటల మధ్య మాత్రమే, అదీ భూమి పైనే నియమించాలని 46వ సెక్షన్ చెప్పింది. ఈ నిబంధనను 2019లో కేంద్రం కొన్ని షరతులతో సడలించింది.

వేతనంతో కూడిన సెలవు కూడా హాజరుతోనే ముడిపడి ఉంది. భూమి పైన పనిచేసే వారు ఏడాదిలో 240 రోజులు హాజరైతే ప్రతి 20 రోజులకు ఒక రోజు చొప్పున సెలవు లభించేది. భూగర్భంలో 190 హాజరులకే ఆ అర్హత వచ్చేది. అక్కడ 15 రోజులకు ఒకటి చొప్పున లెక్క కట్టేవారు.

అడుగు లెక్కలో అదృశ్యం

నాపరాళ్ల క్వారీలో పని తీరు చూస్తే గంటల లెక్క ఎలా మాయమవుతుందో అర్థమవుతుంది. ముందు పైమట్టి, పనికిరాని రాయి తొలగిస్తారు. తర్వాత పొర మధ్య గడ్డపార దూర్చి బండను లేపుతారు. కోత యంత్రంతో కొలతకు కోస్తారు. చేతులతోనే మోసి ట్రాక్టరుకో లారీకో ఎత్తుతారు. ఇందులో ప్రతి దశకూ వేర్వేరు రేటు. బండ తీసినందుకు చదరపు అడుగుకు ఇంత, ఎత్తినందుకు లోడుకు ఇంత అని మాట్లాడుకుంటారు. మేస్త్రీ గుత్తకు తీసుకుని ముఠాతో చేయిస్తాడు. వారాంతంలో ముఠాకు వచ్చిన మొత్తాన్ని పంచుకుంటారు. ఈ లెక్కలో గంట అనే కొలమానమే ఉండదు. తెల్లవారుజామున దిగినా, పొద్దుగూకాక ఎక్కినా రేటు మారదు.

‘అడుగు లెక్క తీసుకునే వారికి ఓటీ ఎక్కడిది?’ అన్న మాట క్వారీల్లో తరచూ వినిపిస్తుంది. ఇది పూర్తిగా అపోహ. గుత్త పని చేసేవారికీ అదనపు పనికి రెట్టింపు చెల్లించాలని 33వ సెక్షన్ స్పష్టంగా చెప్పింది. అదనపు పని చేసిన వారానికి ముందు వారంలో కార్మికుడు పనిచేసిన రోజుల సగటు ఆదాయాన్ని మామూలు రేటుగా తీసుకోవాలని, అందులో ఓటీ సొమ్మును కలపరాదని లెక్క కట్టే విధానాన్నీ సూచించింది. అంటే కొలత అడుగుల్లో ఉన్నా, హక్కు గంటల్లోనే ఉంది. అయితే ఎన్ని గంటలు పనిచేశారో రాసి ఉంటేనే ఆ హక్కు అడగడానికి వీలుంటుంది.

నష్టం ఎంతో ఒక ఊహా లెక్కతో చూద్దాం. ఎనిమిది గంటల రోజుకు 600 రూపాయల కూలీ అనుకుంటే గంటకు 75 రూపాయలు. ఆ కార్మికుడు ఆరు రోజులు, రోజుకు 10 గంటల చొప్పున 60 గంటలు పనిచేశాడు. మొదటి 48 గంటలకు 3,600 రూపాయలు. మిగిలిన 12 గంటలకు రెట్టింపు రేటు 150 చొప్పున 1,800 రూపాయలు. మొత్తం 5,400 రావాలి. రోజుకింత అని ఆరు రోజుల కూలీ మాత్రమే చేతిలో పెడితే వచ్చేది 3,600. వారానికి 1,800, నాలుగు వారాలకు 7,200 రూపాయలు కోల్పోయినట్లు. పిల్లల చదువుకో, పాత అప్పు వడ్డీకో సరిపోయే సొమ్మిది.

దీనికి అడ్వాన్సు తోడైతే సమస్య మరింత జటిలమవుతుంది. పండక్కో, ఆసుపత్రికో ముందుగా డబ్బు తీసుకున్న కూలీ అది తీరేదాకా గంటల మాట ఎత్తలేడు. ఎక్కువ పని చేస్తే తొందరగా తీరుతుందన్న ఆశతో తానే పొద్దు పొడవక ముందే పనికి దిగుతాడు.

ఆరు మీటర్ల మెలిక

అన్ని తవ్వకాలకూ గనుల చట్టం పూర్తిగా వర్తించేది కాదు. సున్నపురాయి, భవన నిర్మాణ రాయి, పలక రాయి, కంకర, మొరం వంటి వాటిని తవ్వే చోట మూడు షరతులు నెరవేరితే చాలా సెక్షన్ల నుంచి మూడో సెక్షన్ మినహాయింపు ఇచ్చింది. తవ్వకం లోతు ఎక్కడా ఆరు మీటర్లు దాటకూడదు. ఏ రోజూ 50 మందికి మించి పనిచేయకూడదు. పేలుడు పదార్థాలు వాడకూడదు. తెరిచిన గనుల విషయంలో ఈ మూడూ ఉంటే పనిగంటల సెక్షన్లు వర్తించేవి కావు. బాల కార్మికుల నిషేధం, మహిళల పనివేళల నిబంధన మాత్రం అక్కడా తప్పనిసరే.

నాపరాయి పొరలుగా లేస్తుంది కనుక చాలా పనికి పేలుడు అవసరం రాదు. చిన్న కమతాల్లో యాభై మంది కూడా ఉండరు. దీంతో మొదట్లో చిన్న క్వారీలకు మినహాయింపు సహజంగానే దక్కేది. కానీ పై పొరలు అయిపోయి తవ్వకం కిందికి వెళ్లేకొద్దీ లోతు ఆరు మీటర్లు దాటుతుంది. ఆ రోజుతో మినహాయింపు ముగిసినట్లే. చట్టం ఇచ్చిన వెసులుబాటు పైపైన తవ్వే చిన్న పనికి మాత్రమేనని, లోతైన గోతికి కాదని గుర్తించాలి. గోతి లోతు పెరిగేకొద్దీ పెళ్లలు విరిగిపడే ముప్పు పెరుగుతుంది. రక్షణ అవసరం కూడా అప్పుడే ఎక్కువ.

ఒకే రాయి.. రెండు శాఖలు

క్వారీలో తీసిన బండ కొన్ని కిలోమీటర్ల దూరంలోని పాలిష్ యూనిట్‌కు చేరగానే పనివారిపై అజమాయిషీ చేసే శాఖ మారిపోతుంది. కార్మికులు తరచూ తికమకపడేది ఇక్కడే.

గనిలో పనిగంటలు, భద్రత చూసేది కేంద్ర ప్రభుత్వ గనుల భద్రత డైరెక్టరేట్ జనరల్. దీని ప్రధాన కార్యాలయం జార్ఖండ్‌లోని ధన్‌బాద్‌లో ఉంది. హైదరాబాద్‌లో జోనల్ కార్యాలయం ఉంది. గని కార్మికుల వేతనాల విషయంలోనూ తగిన ప్రభుత్వం కేంద్రమే. కనీస వేతనాన్ని కేంద్రం ప్రకటిస్తుంది. కరవు భత్యాన్ని ఏటా ఏప్రిల్, అక్టోబరు నెలల్లో సవరిస్తుంది. వేతన ఫిర్యాదులు కేంద్ర కార్మిక కమిషనర్ యంత్రాంగానికి వెళ్లాలి. లీజులు ఇచ్చి, సీనరేజి వసూలు చేసే రాష్ట్ర గనుల శాఖకు పనిగంటలతో ప్రమేయం లేదు.

పాలిష్ యూనిట్ మాత్రం ఫ్యాక్టరీ. అక్కడి పనివేళలు రాష్ట్ర ఫ్యాక్టరీల శాఖ, కార్మిక శాఖ పరిధిలోకి వస్తాయి. 1948 ఫ్యాక్టరీల చట్టం కూడా రోజుకు 9, వారానికి 48 గంటలనే చెప్పింది. రాష్ట్ర ప్రభుత్వం 2025లో రోజువారీ పరిమితిని 9 నుంచి 10 గంటలకు పెంచాలని నిర్ణయించినప్పుడు కార్మిక సంఘాలు తీవ్రంగా వ్యతిరేకించాయి. అప్పుడు కూడా వారానికి 48 గంటల పరిమితిని మార్చలేదు.

పాత చట్టాల కింద ఈఎస్ఐ విషయంలోనూ తేడా ఉండేది. గనుల చట్టం వర్తించే గనిని ఈఎస్ఐ చట్టంలోని ఫ్యాక్టరీ నిర్వచనం నుంచి మినహాయించారు. ఫలితంగా పాలిష్ యూనిట్‌లో బండ రుద్దే అన్నకు ఈఎస్ఐ కార్డు దక్కే వీలుండేది. అదే బండను క్వారీలో లేపిన తమ్ముడికి ఆ వీలు ఉండేది కాదు.

లారీ చక్రం కిందా అదే కథ

గంటలు కనిపించకుండా పోయే మరో చోటు రవాణా. 2000 దశకంలో చైనా నుంచి గిరాకీ పెరిగి ఇనుప ఖనిజం ధర ఎగబాకినప్పుడు బళ్లారి, డి.హీరేహాళ్ ప్రాంతాల రహదారులు లారీలతో నిండిపోయాయి. 2011 జులైలో సుప్రీంకోర్టు బళ్లారి జిల్లాలో తవ్వకాలు నిలిపివేసేదాకా ఆ జోరు సాగింది. ట్రిప్పుకింత అని బత్తా తీసుకునే డ్రైవరు ఎన్ని ట్రిప్పులు తిరిగితే అంత రాబడి. 1961 మోటారు రవాణా కార్మికుల చట్టం డ్రైవరుకు రోజుకు 8, వారానికి 48 గంటలే అని చెప్పింది. ట్రిప్పు లెక్క ముందు ఆ నిబంధన నిలవలేదు. ఖనిజానికి ధర పలికినన్నాళ్లూ నిద్రలేని రాత్రులు, తవ్వకం ఆగిన మర్నాటి నుంచి పనిలేని పగళ్లు. వారపు సగటులో ఈ రెండూ కలిసిపోయి ఏదీ కనిపించదు.

ఎండ, దుమ్ము కూడా గంటల లెక్కే

వేసవిలో 40 డిగ్రీలు దాటే ఈ పీఠభూమిలో నల్లబండ మీద పని అంటే నిప్పుల మీద నిలబడినట్లే. అందుకే చాలామంది చీకటితో దిగి పదకొండు లోపు ఒక విడత పని ముగిస్తారు. ఎండ తగ్గాక మళ్లీ దిగుతారు. చేసిన పని ఎనిమిది గంటలే అయినా ఇల్లు వదిలి తిరిగి చేరేసరికి పద్నాలుగు గంటలు గడిచిపోతాయి. ఇలాంటి చోటే 12 గంటల వ్యవధి నిబంధన అక్కరకు వచ్చేది. మధ్యలో నీడ, తాగునీరు లేకపోతే ఆ విరామం విశ్రాంతి కాదు, ఎండలో నిరీక్షణే.

దుమ్ము విషయం మరింత తీవ్రమైనది. గాలిలో ఎంత ధూళి ఉండొచ్చన్న పరిమితులను ఎనిమిది గంటల పనిని దృష్టిలో పెట్టుకునే నిర్ణయిస్తారు. పది, పన్నెండు గంటలు పీల్చేవాడికి ఆ పరిమితి రక్షణ ఇవ్వదు. ఒంట్లోకి చేరే ధూళి పెరుగుతుంది, ఊపిరితిత్తులు తేరుకునే వ్యవధి తగ్గుతుంది. ఇసుక రేణువుల ధూళితో వచ్చే సిలికోసిస్‌కు పూర్తిగా నయం చేసే మందు లేదు. పనిలో చేరేటప్పుడు ఒకసారి, తర్వాత అయిదేళ్లకోసారి వైద్య పరీక్షలు చేయించాలని 1955 గనుల నిబంధనలు చెప్పాయి. ఏళ్ల తర్వాత దగ్గు ముదిరి ఆసుపత్రికి వెళ్లినప్పుడు, ఏ గనిలో ఎన్నాళ్లు పనిచేశావన్న ప్రశ్నకు హాజరు పట్టీయే సాక్ష్యం.

పరిహారంలో సగం గల్లంతు

ప్రమాదంలో కార్మికుడు మరణిస్తే అతని నెల వేతనంలో సగాన్ని వయసును బట్టి నిర్ణయించిన గుణకంతో హెచ్చించి పరిహారం లెక్క కడతారు. 1923 నాటి పరిహార చట్టంలో ఉన్న ఈ సూత్రాన్నే 2020 సామాజిక భద్రత కోడ్‌లోనూ కొనసాగించారు. 40 ఏళ్ల వయసుకు గుణకం 184.17. నెలకు 15,000 రూపాయల వేతనం ఉన్నట్లు తేలితే కుటుంబానికి 13,81,275 రూపాయలు రావాలి. నెలంతా పనిచేసినా పట్టీలో సగం రోజులే రాసి, వేతనం 8,000 రూపాయలుగా చూపితే వచ్చేది 7,36,680. ఒక్క పట్టీలో రాత తేడాతో ఆ ఇల్లు 6,44,595 రూపాయలు నష్టపోతుంది. అసలు పట్టీలో పేరే లేకపోతే అతను అక్కడ పనిచేశాడని నిరూపించడమే మొదటి పోరాటం అవుతుంది.

కొత్త కోడ్‌తో ఏం మారింది?

నాలుగు కార్మిక కోడ్‌లు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయి. గనుల చట్టం, ఫ్యాక్టరీల చట్టం, మోటారు రవాణా కార్మికుల చట్టం సహా 13 చట్టాల స్థానంలో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ వచ్చింది. సాధారణ పని రోజుకు 8 గంటలని ఇందులో పేర్కొన్నారు. వారానికి 48 గంటల పరిమితి ఉంటుందని కేంద్రం ప్రకటించింది. అదనపు పనికి రెట్టింపు వేతనం కొనసాగుతుంది. వేతన సెలవుకు అర్హత 240 రోజుల నుంచి 180 రోజులకు తగ్గింది. వర్షాకాలంలో కొన్ని వారాలు పని ఆగిపోయే క్వారీ కార్మికుడికి ఇది మేలు చేసే మార్పు. ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వడం తప్పనిసరి. 40 ఏళ్లు దాటిన వారికి ఏటా ఉచిత వైద్య పరీక్షలు చేయిస్తామని కేంద్రం చెప్పింది. మహిళలు సమ్మతిస్తే, తగిన రక్షణ ఏర్పాట్లతో రాత్రి వేళల్లోనూ నియమించుకోవచ్చు.

మరోవైపు ఫ్యాక్టరీ నిర్వచనం మారింది. విద్యుత్తుతో నడిచే చోట 10 మంది ఉంటే ఫ్యాక్టరీ అన్నది పాత మాట. కొత్త కోడ్‌లో ఆ సంఖ్య 20. పది, పదిహేను మందితో నడిచే చిన్న పాలిష్ యూనిట్లపై ఈ మార్పు ప్రభావం చూపుతుంది.

చట్టం పాతదైనా కొత్తదైనా గంటలు నమోదైతేనే దానికి విలువ. సిమెంటు కర్మాగారాల యాంత్రిక గనుల్లో షిఫ్టు మొదలయ్యేటప్పుడు, ముగిసేటప్పుడు హాజరు పడుతుంది. షిఫ్టు దాటితే ఓటీ లెక్క మొదలవుతుంది. అదే సున్నపురాయి పొరపై పక్కనే ఉన్న నాపరాళ్ల క్వారీలో ఈ లెక్క అసాధ్యమేమీ కాదు. వచ్చిన వేళ, వెళ్లిన వేళ రాసేందుకు ఒక పుస్తకం, మేస్త్రీతో పాటు కార్మికుడి సంతకం చాలు. గుత్త పని చేయించినా ముఠాలో ఎవరెవరు ఎన్ని గంటలు ఉన్నారో రాయాలి. ఇది యజమానికీ రక్షణే. ప్రమాదం జరిగినప్పుడు, బకాయిల పేచీ వచ్చినప్పుడు చూపించడానికి కాగితం ఉంటుంది. తాడిపత్రి వంటి చోట కేంద్ర, రాష్ట్ర శాఖలు కలిసి ఏడాదికి ఒకటి రెండుసార్లయినా అవగాహన శిబిరాలు పెట్టి, ఏ ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలో తెలుగులో రాసిన బోర్డులను క్వారీల వద్ద ఏర్పాటు చేయాల్సి ఉంది.

కార్మికులు గుర్తుంచుకోవాల్సినవి

* పనిలో చేరగానే నియామక పత్రం అడగాలి. హాజరు పట్టీలో పేరు ఉందో లేదో చూసుకోవాలి.
* వచ్చిన వేళ, వెళ్లిన వేళ సొంతంగా ఒక చిన్న పుస్తకంలో రాసుకోవాలి. చదువు రానివారు ఇంట్లో పిల్లల చేత రాయించుకోవాలి.
* అడుగు లెక్క, లోడు లెక్క తీసుకునే వారికీ అదనపు గంటలకు రెట్టింపు రేటు హక్కు ఉంది.
* వారంలో ఒకరోజు విశ్రాంతి తప్పనిసరి.
* అడ్వాన్సు తీసుకుంటే ఎంత తీసుకున్నదీ, వారానికి ఎంత తగ్గించిందీ కాగితంపై రాయించుకోవాలి.
* క్వారీలో భద్రత, పనిగంటల ఫిర్యాదులు గనుల భద్రత డైరెక్టరేట్‌కు, వేతన ఫిర్యాదులు కేంద్ర కార్మిక కమిషనర్ యంత్రాంగానికి ఇవ్వాలి. పాలిష్ యూనిట్ విషయాలు రాష్ట్ర కార్మిక, ఫ్యాక్టరీల శాఖలకు చెప్పాలి.
* గాయమైతే ఆ రోజే ఆసుపత్రిలో చూపించుకుని, పని చేస్తుండగా జరిగిందని చీటీలో రాయించుకోవాలి.